పాల మిషన్ల అక్క

అక్క పోయిందని నాకు చెప్పినాయన ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేయలేదు. మంచేనహళ్ళి రైతు ఒకాయన, తన పాల మిషను గాలి లాగడం లేదని, ఎప్పుడొస్తావని అడిగాడు. రేపు వస్తానన్నాను.

"రేపు వద్దులేప్పా, రేపు నేను చింతామణికి పోవల్ల. మీ అక్క పోయింది కదా, తెలీదా నీకు?"

తెలుసునన్నాను. నాకు తెలియదు.

ఆమె నాకు చుట్టం కాదు. పదహారేళ్ళు ఆమె దగ్గర పనిచేశాను. చింతామణిలో ఆమె అంగడి. పాలు పిండే మిషన్లు చేసే ఒక పెద్ద కంపెనీకి ఈ పక్క తాలూకాలన్నింట్లో ఆమే ఏజెంటు. పనివాళ్ళకూ రైతులకూ అందరికీ ఆమె అక్కే. మొదట్లో మిషను పెడితే ఆవు తంతుందని, పాలు విరుగుతాయని జనం భయపడేవారు. అక్క చీర కుచ్చెళ్ళు దోపుకొని పేడలోనే కూర్చునేది. చన్నుకు తొడిగే రబ్బరులో ముందు తన బొటనవేలు పెట్టి మిషను ఆడించి చూసుకునేది. "మన ఏలు ఓర్చుకోలేనిది దాని చన్నుకి పెట్టకూడదు" అనేది. అట్లా చూసి చూసి ఆ వేలి గోరు ఎప్పుడూ నల్లగా ఉండేది. ఏ ఇంటికి పోయినా లోటాడు పాలిస్తారు, కాదనకుండా తాగేది. అంగడికి వచ్చాక మాత్రం పాలు లేని కాఫీ. ఇంక జన్మలో పాల ముఖం చూడనని రోజూ అనేది, మరునాడు మళ్ళీ తాగేది.

ఆ రబ్బర్లు తొందరగా అరిగిపోతాయి. కంపెనీ నుంచి కొత్తవి రావాలంటే నెల. ఈలోగా రైతు చేత్తో పిండుకోవాలి, చేత్తో పిండడం మరిచిపోయిన ఆడవాళ్ళు మమ్మల్ని తిట్టాలి. ఆ తిట్లు పడలేక అక్క బాగేపల్లి దారిలో ఒక రేకుల షెడ్డు వేసి, రబ్బరు అచ్చుపోసే మిషను ఒకే ఒకటి పెట్టి, నలుగురు ఆడవాళ్ళతో రబ్బర్లు చేయించడం మొదలుపెట్టింది. కంపెనీ వాటికంటే అవే ఎక్కువ రోజులు ఆడేవి. అయినా ఆమెకు ధైర్యం ఉండేది కాదు. ఒకసారి జీపులో పోతూ నాతో అన్నది: "మన పందిరికి గుంజ ఒకటే ఉండాదప్పా. అది వాళ్ళది. వాళ్ళు పీకితే మనం యాడ నిలబడేది?"

గుంజ కంటే ముందు రబ్బరు ముంచింది. ఎప్పుడూ ముడి రబ్బరు ఇచ్చే వ్యాపారి ఒక విడత కల్తీది అంటగట్టాడు. వారం తిరక్కముందే రబ్బర్లు లోపల పగుళ్ళిచ్చాయి. సోమేనహళ్ళిలో ఆవులకు పొదుగులు వాచాయి. ఒకామె ఆవుకు రెండు చన్నులు ఎండిపోయాయి. అక్క ఇల్లిల్లూ తిరిగి, ఆ విడత రబ్బర్లన్నీ వెనక్కి తీసుకొని, రైతుల ఎదురుగానే కత్తెరతో కోసింది. తప్పు వ్యాపారిదని ఒక్క ఇంట్లోనూ చెప్పలేదు. నేను చెప్పబోతే కళ్ళతోనే ఆపింది. ఆ ఆవు ఇంటామె ఆమెను గడప తొక్కనివ్వలేదు. మరునాడు అక్క తన ఇంట్లో ఉన్న ఒక్క ఆవునూ టెంపోలో ఎక్కించి తీసుకుపోయి ఆమె గాటిలో కట్టింది. ఆ ఇంటామె ఆవు పళ్ళు చూసింది, పొదుగు తడిమి చూసింది, తలుపు వేసుకొని లోపలికి పోయింది. కూర్చోమని కూడా అనలేదు.

ఇక్కడి దాకా చెప్పడం నాకు సులభంగానే ఉంది.

ఆ వారంలోనే కంపెనీ ఆఫీసరు నన్ను చిక్కబళ్ళాపురంలో ఒక హోటలుకు పిలిచాడు. దోసె తినిపించాడు. ఆ షెడ్డు సంగతేమిటని అడిగాడు. చెప్పాను. ఫోటో ఉందా అన్నాడు. నా ఫోనులో ఉంది. రైతుల నంబర్లు అడిగాడు. అవీ ఇచ్చాను. ఎవరూ నన్ను బెదిరించలేదు. ఏజెన్సీ నీకే వస్తుందని అతను అనడానికి ముందే నేను ఫోటో పంపేశాను.

నాలుగు రోజులకు అతను చింతామణి అంగడికి వచ్చాడు. కంపెనీవి కాని రబ్బర్లు వాడినందుకు ఏజెన్సీ తీసేస్తున్నామని మర్యాదగానే చెప్పాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. అక్క కాగితం చదివింది. అందులో అచ్చయిన షెడ్డు ఫోటోను కాసేపు చూసింది. అది తీసిన రోజు, కొత్త అచ్చుకు పూజ చేసిన రోజు, లోపల ఉన్నది మేమిద్దరమే.

"ఇంక ఎవురికిస్తాండారు సార్?" అని అడిగింది.

ఆఫీసరు నా వైపు చూశాడు.

"పని బాగా చేస్తాడు సార్" అన్నది అక్క. తర్వాత నాతో, "బీగం చెవి బల్ల మీద పెట్టి పో" అన్నది. నేను అంగడి తాళంచెవి పెట్టి వచ్చేశాను.

మూడేళ్ళు ఆ ఏజెన్సీ నేను నడిపాను. తర్వాత కంపెనీ నేరుగా రైతులకే ఫోన్లు చేసి అమ్ముకోవడం మొదలుపెట్టింది. నేనిచ్చిన నంబర్లకే. నాకు ఒక కాగితం కూడా పంపలేదు. ఇప్పుడు బండి మీద తిరిగి మిషన్లు రిపేరు చేసుకుంటున్నాను. అక్క మాత్రం ఆ షెడ్డు ఊపిరాడినన్నాళ్ళూ నడిపింది. రబ్బరు పొగకు ఆమె ఊపిరితిత్తులు పాడయ్యాయని విన్నాను. పోయి చూడలేదు.

ఒక్కసారి గుడిబండె బస్టాండులో ఎదురుపడింది. తప్పుకునే దారి లేదు. సోమేనహళ్ళి ఆయమ్మ ఇంట్లో మిషను బాగా ఆడతాందా అని అడిగింది. బాగుందక్కా, మొన్ననే చూశానన్నాను.

"నువ్వు పోలేదులే" అన్నది. కోపంగా కాదు. బస్సు వస్తే ఎక్కి వెళ్ళిపోయింది. ఈ పని నా చేతిలో పెట్టింది ఆమె, నేను తింటున్న అన్నం ఈ పనిది. ఆ మాట ఆ బస్టాండులోనైనా చెప్పి ఉండాల్సింది. చదివేవాళ్ళకు చెప్పడం తేలిక.

రైతు ఫోన్ చేసిన మరునాడు చింతామణికి పోయాను. వాకిలి నిండా రైతులు. ఊళ్ళ నుంచి వ్యాన్లు కట్టుకొని వచ్చారు. చుట్టాలు రావడం ఆలస్యమై మూడున్నరయింది. సాయంత్రం పాలు పిండే వేళ. ఒక్కొక్కరే లేచారు. ఎవరూ చెప్పి పోలేదు, చెప్పులు వెతుక్కొని, తల వంచుకొని పోయారు. ఎత్తే వేళకు వాకిట్లో పదిమందిమి కూడా లేము. పాడె పట్టడానికి అక్క తమ్ముడు, ఇద్దరు మేనల్లుళ్ళు వంగారు. నాలుగో మూల ఖాళీగా ఉంది. నేను తువ్వాలు భుజాన వేసుకొని ముందుకు నడిచాను.

అక్క తమ్ముడు నన్ను చూశాడు. నన్ను దాటి గేటు దగ్గరికి పోయి, చుట్టాలను దింపడానికి వచ్చిన వ్యాన్ డ్రైవరును చేయి పట్టుకొని తీసుకొచ్చాడు. ఆ మనిషి అక్క ముఖం ఎప్పుడూ చూసి ఉండడు. నోట్లో ఆకువక్క పక్కకు ఉమ్మేసి, నాలుగో మూల భుజానికెత్తుకున్నాడు.