నెలీదా నటించిన ఆఖరి సాయంత్రం

యీ అనే నది ఒడ్డున ఉన్న మా చిన్న ఊళ్లో బడిపిల్లలు తొడుక్కునే తెల్ల అంగీలన్నీ నెలీదా మిషను మీద పుట్టినవే. ఆమె కుట్టుకు వంక పెట్టినవాళ్లు లేరు. పంతంలో ఆమెను మించినవాళ్లూ లేరు.

ఎదురింట్లో ఉండేది సొంత చెల్లెలు జుల్మా. మధ్యలో ఉన్నది ఒక్క వీధి. అయినా ఎడమొహం పెడమొహం.

తల్లి మంచాన పడ్డప్పుడు చాకిరీ అంతా నెలీదా ఒక్కతే చేసింది. అప్పట్లో జుల్మా రాజధాని మోంతెవిదేయోలో ఆసుపత్రి ఉద్యోగం చేసేది. సెలవు దొరక్క, తల్లిని పాతిపెట్టాక బస్సు దిగింది. పరామర్శకు వచ్చినవాళ్లతో ఇల్లు నిండి ఉంది. ఒకే సొరబుర్రలో మాతే ఆకు కషాయం చేతులు మారుతోంది. అందరికీ వేణ్నీళ్లు పోసి ఇస్తున్న నెలీదా, చెల్లెలి వంతు వచ్చేసరికి చన్నీళ్లు పోసి అందించింది. మాలో ఇంటికొచ్చిన మనిషికి చల్లటి మాతే ఇవ్వడం, మెడపట్టి గెంటడం ఒకటే. జుల్మా గొట్టంతో ఒక్క గుక్క పీల్చి, సొరబుర్ర బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఉద్యోగం మానేశాక మొగుడి ఇంటికి, అంటే ఆ ఎదురింటికే వచ్చి చేరినా, అక్క గడప తొక్కలేదు.

ఇలా ఉండగా ఇనేస్ అనే సినిమా పిల్ల ఊళ్లోకి దిగింది. లోకం అంతమయ్యే సినిమా అనగానే మావాళ్లు మంటలూ వరదలూ ఊహించుకున్నారు. ఆ పిల్ల తెచ్చింది ఒక కెమెరా, ఇద్దరు మనుషులు. నటించడానికి ఊరివాళ్లే కావాలంటూ వెళ్లి నెలీదా వంటింట్లో కూర్చుంది.

"రేపు పొద్దున లోకం ఉండదనుకోండమ్మా. ఈ సాయంత్రం ఏం చేస్తారో చేయండి, మేం కెమెరాలో తీసుకుంటాం."

"అంగీలు కుట్టాలి."

"లోకమే లేకపోతే బడెక్కడిదమ్మా?"

"ఒకవేళ ఉంటే? పిల్లలు ఒంటిమీద బట్ట లేకుండా పోవాలా?"

ఇనేస్ నవ్వింది. "ఎవరినీ చూడాలనిపించదా?"

నెలీదా నోరు జారింది. "చెల్లెల్ని." గడ్డంతో కిటికీ వైపు చూపించింది.

"ఎదురిల్లేనా? అయితే పిలవండి, ఆవిడతోనే తీద్దాం."

"అది రాదు. ఎవరైనా నటిని తెచ్చుకో."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నెలీదా అడగలేదు. కాదంటుందేమోనన్న భయం ఆమెది. దానికి పంతమని పేరు పెట్టుకుంది, అంతే.

రాజధాని నుంచి నటి వచ్చింది. నెలీదా పొగలు కక్కే మాతే పోసి ఇచ్చి, ఆవిడ మణికట్టు పట్టుకుంది. "ఆ రోజు నీకు కావాలనే చన్నీళ్లు పోశానే. పక్కనున్నది నేను, అమ్మ కలవరించింది నిన్ను. ఓర్చుకోలేకపోయాను. క్షమించవే." ఈ మాటలు ఎవరూ రాసిచ్చినవి కావు. కెమెరా పట్టుకున్నవాడు కళ్లు తుడుచుకున్నాడు. ఇంకోసారి చెప్పమంటే నెలీదా చెప్పనంది.

మరుసటేడు ఊరి క్లబ్బులో ఆ సినిమా వేశారు. దీపాలు వెలిగాక అందరూ ముక్కులు చీదుకుంటూ నెలీదాను కౌగిలించుకున్నారు. గుమ్మం దగ్గర జుల్మా నిలబడి ఉంది.

"బాగా చేశావక్కా."

"నువ్వు వస్తావనుకోలేదు."

"సినిమా తీసినప్పుడూ అనుకోలేదుగా! ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది. 'మీ అక్క మిమ్మల్ని పిలవచ్చు, ఇంట్లోనే ఉండండి' అంది. జుట్టు కత్తిరించుకుని, మంచి గౌను తొడుక్కుని కిటికీ దగ్గర కూర్చున్నాను. చివరికి నీ గుమ్మంలో కారు దిగింది వేరే మనిషి."

"పిలిస్తే వచ్చేదానివా?"

"వీధి దాటడమేగా."

నెలీదా ఏం చెప్పాలి? చెల్లెలికని ఇన్నేళ్లూ దాచుకున్న మాటలన్నీ ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పేసింది. ఊరంతా ఇప్పుడే విన్నది. మళ్లీ అవే అంటే సినిమాలో మాటలు ఒప్పజెప్పినట్టుంటుంది. వేరే మాటలు ఆమె దగ్గర లేవు.

జుల్మా "సరే, చలిగా ఉంది" అంటూ కోటు గుండీలు పెట్టుకుని నడిచింది. ఇద్దరి ఇళ్లూ ఒకే వీధిలో కాబట్టి, నెలీదా కూడా ఇంటిదాకా చెల్లెలి వెనకాలే నడవాల్సి వచ్చింది.