పొద్దుటి ల్యాబ్ మాదే

పాసయ్యాం! నేనూ, నా ల్యాబ్ పార్టనరూ, ఇద్దరం. మాస్టర్స్ థీసిస్ డిఫెన్స్ అయిపోయి గంట కూడా కాలేదు. మా ఇంట్లో పదో తరగతి దాటినవాళ్లలో నేనే మొదటిదాన్ని. అయినా నాకన్నా ఆమె పాసైనందుకే ఎక్కువ గంతులేస్తున్నాను. పోయిన ఏడాది ఆమె చదువు వదిలేసి వెళ్లిపోబోయింది మరి.

ఈ జర్మనీ యూనివర్సిటీలో ప్రయోగాలు ఇద్దరిద్దరుగా చేయాలి. మొదటి రోజు నా పక్కకు ఎవరూ రాకపోతే ఆమె వచ్చి నిలబడింది. జర్మనీలోనే పుట్టిన యూదుల అమ్మాయి. శనివారం వాళ్లకు పని చేయకూడని రోజని, ల్యాబ్‌కు రానని చెప్పడంతో ఆ సంగతి అందరికీ తెలిసింది. అప్పటినుంచి మా బ్యాచ్‌లో ఇద్దరు మొదలుపెట్టారు. నేను గ్యాస్ వాల్వ్ తిప్పినప్పుడల్లా నోటితో బుస్‌మని చప్పుడు చేసి, ఆమె వైపు చూసి నవ్వేవాళ్లు. నాకు మొదట అర్థం కాలేదు. తన తాతమ్మను గ్యాస్ గదిలో పెట్టి ఎలా చంపారో ఆమె చెప్పాక చాలాసేపు వాల్వ్ ముట్టుకోలేకపోయాను. తర్వాత ఆమె లాకర్ మీద యూదుల గుర్తు, ఆరు మొనల నక్షత్రం గీసి, కింద వెళ్లిపో అని రాశారు. యూదుల దేశం ఎక్కడో చేస్తున్న యుద్ధానికి ఆమెను జవాబు చెప్పమన్నారు.

ఆమె ఫిర్యాదు చేసింది. ఆఫీసులో టెర్మిన్, అంటే కలవడానికి టైము, దొరకడానికే వారాలు పట్టింది. చివరికి వాళ్లు చెప్పిందేమిటంటే, ఆమె భద్రత కోసం ఆమెకొక్కదానికే సాయంత్రం ల్యాబ్ ఇస్తారట. ఆమె అలసిపోయింది. సరే అనేస్తాను, అదీ కుదరకపోతే మానేస్తాను అంది.

నాకు మా బడి వరండా గుర్తొచ్చింది. మధ్యాహ్నం భోజనానికి మా వాడ పిల్లల్ని చివర వేరే వరసలో కూర్చోబెట్టేవాళ్లు. మీరంతా ఒక్కచోట తింటే మీకే బాగుంటుంది కదా అని సారు ఎంతో ప్రేమగా చెప్పేవాడు. ఆ ప్రేమ సంగతి నాకు బాగా తెలుసు.

నేనూ ఆఫీసుకు వస్తానన్నాను. అది తెలిసి మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూప్ పెద్ద, ఒక సీనియర్ అన్న, ఫోన్ చేశాడు. మాకు రూములైనా, పార్ట్‌టైమ్ పనులైనా ఆయన మాట మీదే దొరుకుతాయి.

"నీకెందుకమ్మా ఈ లొల్లి? వీసా రెన్యువల్ ముంగట పెట్టుకొని సాక్షి చెప్తవా?"

"చూసింది చూసిన అంటే వీసా ఎందుకు పోతది అన్నా?"

"పోతే?"

"పోతే పోయింది. తలకాయ దించుకునుడు ఇంటికాడనే మస్తు చేసినం."

ఆ తర్వాత చాలా రోజులు గ్రూప్‌లో నా మెసేజ్‌లకు ఎవరూ జవాబివ్వలేదు.

ఆఫీసులో మేడం మర్యాదగానే మాట్లాడింది. ఇదంతా ఆమె మంచికేనంది. నా జర్మన్ అంతంతమాత్రం, అయినా జర్మన్‌లోనే అన్నాను.

"జరపాలంటే నవ్వినవాళ్లను జరపండి. ఈమె ఎందుకు జరగాలి?"

"మీరు స్వయంగా చూశారా?"

"వాల్వ్ తిప్పింది నేనే."

చూసిందంతా రాసి సంతకం చేశాను. తర్వాత మా వెనక బెంచీవాళ్లూ రాసిచ్చారు. విచారణ జరిపి ఆ ఇద్దరినీ ల్యాబ్ నుంచి తీసేశారు. అన్నాళ్లూ చూడనట్టున్న ప్రొఫెసర్ క్లాసు ముందు నిలబడి, అది సరదా కాదు, యూదుల మీద ద్వేషం అన్నాడు. ఏదో మేలు చేసినట్టు మా వైపు చూశాడు కూడా. మేం థాంక్స్ చెప్పలేదు. చేర్చుకున్న పిల్లల్ని కాపాడటం యూనివర్సిటీ పని. పొద్దుటి ల్యాబ్‌లోనే, మా బెంచీ దగ్గరే కోర్సు పూర్తి చేశాం.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు: అమ్మ, డ్యూటీ దిగగానే. నాన్న, ఆటో ఎక్కడైనా ఆపితే. మా చెల్లి, ఇంటర్ మానేస్తానంటోంది, దాని పని చెప్పాలి. సీనియర్ అన్న, ఆయన ఎత్తినా ఎత్తకపోయినా. నా పార్టనర్ వాళ్ల అమ్మమ్మ, నాతోనే మాట్లాడాలందట. మొదటి సెమిస్టర్‌లో చేరిన ఇంకో యూదుల అమ్మాయి, మొన్న ఏడుస్తూ మా దగ్గరికొచ్చింది, తనను ఎగతాళి చేస్తున్నారంటే ఆఫీసువాళ్లు వేరే గ్రూప్‌కు మారమన్నారట. ముందు ఆ పిల్లకే చేస్తున్నాం, మారొద్దని చెప్పడానికి.