ఏడాదిలోపు పాపకో దేశం

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. సౌదీలో అల్ ఖర్జ్ ఆసుపత్రిలో ఆయాగా చేసేటప్పుడు మా బిల్డింగులోని నర్సమ్మే కూర్చోబెట్టి దిద్దించింది. అప్పట్నుంచీ కంటబడిన తెలుగు కాగితమల్లా కూడబలుక్కుని చదివేదాన్ని. ఒకరోజు మనవాళ్ళు పంచిన కరపత్రం చదువుతూ ఒక ముక్క దగ్గర ఆగిపోయాను. విదేశంలో పుట్టిన బిడ్డను ఏడాదిలోపు మన ఎంబసీలో నమోదు చేయించాలట, లేకపోతే మన పౌరసత్వం రాదట. కొత్త చట్టం.

నర్సమ్మ కూతురికి పదకొండో నెల, ఇంకా పేరే లేదు! తొలిచూలు ఆడపిల్లకు అమ్మమ్మ పేరా, నానమ్మ పేరా అని ఊళ్ళో ఇద్దరూ పట్టుబట్టి కూర్చున్నారు. పేరు లేక ఇక్కడి జనన పత్రం కూడా తీసుకోలేదు.

పాల ట్యాంకరు నడిపే ఆమె భర్త తేలిగ్గా తీసేశాడు. "మేమిద్దరం ఇండియావాళ్ళమే కదా పిన్నిగారూ! అదీ కాకపోతే ఇక్కడ పుట్టింది, సౌదీ అవుద్ది."

"పుట్టినంతమాత్రాన వీళ్ళు ఇచ్చేస్తే ఈ బిల్డింగులో పిల్లలంతా ఈపాటికి షేకులయ్యేవాళ్ళు. లేచి చొక్కా తొడుక్కో!"

ఊరికి నేనే ఫోను చేశాను. "మీ పేర్ల కోసం పిల్ల ఏ దేశానికీ కాకుండా పోతోంది వదినా. రెండూ కలిపి పెట్టేస్తున్నాం" అన్నాను. "అయితే ముందు నాదే కదా?" అంది నానమ్మ. ఫోను పెట్టేశాను.

జనన పత్రం చేతికొచ్చేసరికి నాలుగు రోజులే మిగిలాయి. అందరం రియాద్‌లోని మన ఎంబసీకి పరుగెత్తాం. కౌంటరులో హైదరాబాదు ఆయన ఉన్నాడు. మా డ్రైవరు ఊరుకోడుగా!

"పుట్టుకతో వచ్చిన హక్కు సార్. రాజ్యాంగాన్ని కాదని చట్టం ఎట్టా తీసేస్తది?"

"పౌరసత్వం సంగతి చూసుకోమని పార్లమెంటుకు చెప్పిందే రాజ్యాంగం, భాయ్. ఏడాది దాటితే ఢిల్లీ పర్మిషన్ గావాలె. బహస్ తర్వాత జెయ్యి, ముందు సంతకం పెట్టు. పాపకు వేరే దేశం పాస్‌పోర్ట్ ఉన్నదా?"

"మొన్నటిదాకా పేరే లేదు నాయనా!" అన్నాను. ఆయన నవ్వాడు. నర్సమ్మ మాత్రం నవ్వలేదు, నా చెయ్యి నలిపేస్తోంది.

చివరికి నమోదు పత్రం మీద ముద్ర పడింది. నాకు ఇంగ్లీషు రాదు. 'ఇండియన్' అన్న మాట నర్సమ్మ వేలు పెట్టి చూపిస్తే, నా పాస్‌పోర్టు తెరిచి పక్కన పెట్టుకున్నాను. ఒక్కో అక్షరమూ పోల్చాను. అన్నీ ఉన్నాయి! ఇంతలో పాప కాగితం లాక్కుని నోట్లో పెట్టుకోబోయింది.

"ఒసేయ్, ఇప్పుడేగా వచ్చింది, అప్పుడే తినేస్తావుటే!" అని అరుస్తూ లాక్కున్నాను.