సోమవారం పువ్వులు

పెద్దకడుబూరు మండలంలోని ఆ ఊళ్ళో సువార్తమ్మకు రెండు విషయాల్లో పేరుంది. ఒకటి ఆమె కుడిచేతి బొటనవేలి గోరు, రెండోది ఆమె సాక్ష్యం. గోరు చిన్నప్పటి నుంచీ ఉంది. సాక్ష్యం మాత్రం నలభై రెండో ఏట వచ్చింది. అది రాకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడు ఆమే అంటుంది.

గోరు సంగతి ముందు చెప్పాలి. విత్తనాల కోసం వేసే పత్తిని ఆ పక్క సీడు చేను అంటారు. అందులో పని మామూలు పత్తి పనిలా ఉండదు. మధ్యాహ్నం ఆడవాళ్ళు సాలు వెంబడి నడుస్తూ, రేపు విచ్చుకోబోయే మొగ్గను వెతికి, బొటనవేలి గోరుతో రేకులూ పుప్పొడీ ఒలిచేసి, లోపలి సన్నకాడను మాత్రం నిలబెట్టి, గుర్తుకు ఎర్రదారం చుడతారు. మరునాడు పొద్దున మగచెట్ల పువ్వులు తెచ్చి ఆ కాడలకు అద్దుతారు. ఇదే క్రాసింగు. ఒలవకుండా వదిలిన మొగ్గ తెల్లారి తనంతట తానే పూస్తుంది. దాన్ని సెల్ఫ్ పువ్వంటారు, కనిపించగానే తుంచి పారేయాలి. తుంచకపోతే కాయ కట్టి, దాని విత్తనం మంచి విత్తనంలో కలిసిపోతుంది. ఆ తర్వాత కంపెనీవాళ్ళ పరీక్షలో మొత్తం సరుకు పనికిరాకుండా పోతుంది. రైతు ఏడాది కష్టం గంగపాలు.

సువార్తమ్మ గోరు కింద కాడ విరిగిందని ఎవరూ ఎప్పుడూ అనలేదు. అందుకే క్రాసింగు మొదలయ్యే ముందే రైతులు ఆమె గుమ్మం ముందు నిలబడి పనికి మాట్లాడుకునేవారు. పువ్వులకు ఆదివారం సోమవారం తెలియవు కాబట్టి ఆ రెండున్నర నెలలూ ఆమె చర్చి ముఖం చూసేది కాదు. ఆమాటకొస్తే మిగతా నెలల్లోనూ పెద్దగా చూసేది కాదు. క్రిస్మస్‌కు ఇంటిమీద నక్షత్రం, ఒక కొత్త చీర, అంతటితో సరి. మొగుడు గిడ్డయ్య కూడా అంతే. చచ్చినాక పాస్టరు వచ్చి పాతిపెడితే చాలుననే రకం.

అట్లాంటి మనిషి ఆదోనిలో మూడు రోజుల ఉజ్జీవ సభలకు పోయింది. పాస్టరు ఆటోలు మాట్లాడి ఊరి ఆడవాళ్ళందరినీ ఎక్కించుకుపోతుంటే, ఇంట్లో కూర్చుని ఏం చేస్తానని తనూ ఎక్కింది. మూడో రోజు ప్రసంగీకుడు, మీ విశ్వాసం చల్లారిన పొయ్యి అయిపోయింది, బూడిద కింద నిప్పుందో లేదో మీకే తెలియదు అన్నాడు. శిష్యుడంటే రోజూ సిలువ ఎత్తుకునేవాడు, నువ్వు నీ రోజులో ఏం వదులుకున్నావు అని అడిగాడు. సువార్తమ్మ తన రోజును వెతికి చూసుకుంటే వదులుకున్నది ఒక్కటీ కనిపించలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అది దొంగ ఏడుపు కాదు. ఈ కథలో ఎవరిని అనుమానించినా ఆ ఏడుపును మాత్రం అనుమానించకూడదు.

తిరిగొచ్చి బసవరాజు ఇంటికి పోయింది. బసవరాజుది అరెకరం సీడు చేను. ఆ ఏడాది నలుగురు ఆడవాళ్ళు, తలా కొన్ని సాళ్ళు.

"అన్నా, ఇంగ నేను ఆదివారం చేను ముట్టను" అంది.

"పువ్వులు ఆగుతాయా, మే?"

"శనివారం మొగ్గ ఒలవను. ఆదివారం పూసినవి, సోమవారం పూసినవి అన్నీ సోమవారం పొద్దున్నే వచ్చి నేనే తుంచేస్తా. నీకు నాలుగు కాయలు తగ్గుతాయి గానీ సరుకు సెడదు."

బసవరాజు గడ్డం గోక్కున్నాడు. ఆ గోరును పోగొట్టుకోవడం అతనికి ఇష్టం లేదు. "రాకుంటే రాకు. నీ సాళ్ళలో ఒక్క సెల్ఫ్ కాయ ఉండకూడదు, సూడు."

"ఉంటే నన్నడుగన్నా" అంది సువార్తమ్మ. మాట ఇచ్చినప్పుడు గుండె నిండుగా ఉంది.

మొదటి సోమవారం చీకటి విడకముందే చేలోకి దిగింది. ఆ రోజు పూసినవి తెల్లగా కనబడతాయి. నిన్న పూసినవే కష్టం. గులాబీరంగుకు తిరిగి, ముడుచుకుని, ఆకు కింద దాక్కుంటాయి. ఒక్కో కొమ్మా ఎత్తి చూసి, అన్నీ తుంచి, ఒడినిండా తెచ్చి గట్టుమీద పోసింది. పక్క సాళ్ళలో పనిచేసే ఉరుకుందమ్మ నవ్వి, "మీ దేవుడు నీకు ఒగదినం సెలవిచ్చి రెండు దినాల పని పెట్టినాడే అక్కా" అంది. ఉరుకుందమ్మ మొగుడు పోయిన మనిషి, పిల్లల్లేరు. ఎడమ కంటికి పొర కమ్మింది. ఆపరేషను చేయించుకోవాలని నాలుగేళ్ళుగా అంటూనే ఉంది. కుడికన్నుతో అందరికంటే బాగా చూసేది.

ఆ వారం చర్చిలో పాస్టరు సువార్తమ్మను లేపి సాక్ష్యం చెప్పమన్నాడు. "ఆదివారం చేను ముట్టకపోయినా నా సాళ్ళలో ఏ నష్టమూ రాలేదు. నా పని దేవుడే సూసుకుంటాండాడు" అంది. చప్పట్లు మోగాయి. ఎవరో ఫోనులో తీశారు. అది ఎమ్మిగనూరు చేరింది, గోనెగండ్ల చేరింది. ప్రతి ఆదివారం సాయంత్రం ఏదో ఒక ఊరి కూడికకు ఆమెను పిలవడం మొదలైంది. నలభై రెండేళ్ళు ఎవరూ కుర్చీ వేయని మనిషికి వేదికమీద కుర్చీ వేశారు. ఆ కుర్చీ రుచి ఎట్లాంటిదో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఆదివారం అంత తిరిగితే సోమవారం మెలకువ రాదు. రెండో సోమవారం ఎండ ఎక్కాక పోయింది. తెల్లవి తుంచింది, గులాబీవి కొన్ని తుంచింది, చివరి సాలు దగ్గర నడుము పట్టేసింది. గట్టున నిలబడి, "ప్రభువా, నీ పనిమీదనే పోయుంటి. ఈ సాలు నువ్వే సూసుకో" అని ప్రార్థన చేసి వచ్చేసింది. మూడో సోమవారం రెండు సాళ్ళు అప్పగించింది. తర్వాత లెక్కే లేదు. ఆరు సోమవారాలు గడిచేసరికి ఆమె సాళ్ళలో సగం ప్రభువు చేతిలో ఉన్నాయి. ఆయన్ను దినకూలీగా పెట్టుకున్నానని ఆమెకు తోచలేదు. ప్రతిసారీ ఆమెన్ అని గట్టిగానే అంది.

మే నెలలో పరీక్ష ఫలితం వచ్చింది. కంపెనీ తరపున ఊళ్ళు తిరిగే దేవేంద్ర మోటారుసైకిలు దిగి, బసవరాజు అరుగుమీద కూర్చుని చల్లగా చెప్పాడు. "అంతా సెల్ఫేనన్నా. సరుకు పోయింది. ఆడోళ్ళు తుంచలేదు."

బసవరాజు నలుగురినీ పిలిపించాడు. ముఖం నల్లబడిపోయింది. నలుగురినీ చూశాడు గానీ సువార్తమ్మ దగ్గర కన్ను ఆగలేదు. ఆమె దేవుని మనిషి. ఆమె సాక్ష్యం అతను కూడా ఫోనులో విన్నాడు, తన చేను పేరు వచ్చినందుకు సంబరపడ్డాడు కూడా. కన్ను పోయి పోయి ఉరుకుందమ్మ మీద ఆగింది.

"నువ్వేనే! కండ్లు కనపడవని సెప్పి సావచ్చు గదా! గుడ్డిదాన్ని పనికి పెట్టుకోని నా కొంప నేనే ముంచుకుంటి."

"నా సాళ్ళలో లేవన్నా. ఈరన్నసామి తోడు" అంది ఉరుకుందమ్మ. అని, పక్కనున్న సువార్తమ్మ వైపు తిరిగింది. చూసింది, అంతే.

ఉంటే నన్నడుగన్నా అన్న మాట సువార్తమ్మ గొంతులో ఉంది. నోరు తెరిచింది కూడా. వచ్చే ఆదివారం ఆదోనిలో పెద్ద కూడిక, గోడలమీద అంటించిన కాగితాల్లో తన ఫోటో ఉంది. ఇప్పుడు నోరు విప్పితే దేవుని పేరు ఏం కావాలి అనుకుంది. దేవుని పేరు అనే అనుకుంది పాపం, తన పేరు అనుకోలేదు. నోరు మూసుకుంది. ఉరుకుందమ్మ కూలికి పోతూ వెంట తెచ్చుకున్న సద్దిగిన్నెను బసవరాజు తీసి వీధిలోకి విసిరాడు. సంగటి ముద్ద దుమ్ములో దొర్లింది.

ఆ సాయంత్రం పాస్టరుకు చెప్పుకుంది. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. "ఇప్పుడు బయటపెడితే ఊరంతా మన దేవుని సూసి నగుతాది తల్లీ. ఆ బిడ్డ కోసం ప్రార్థన సేద్దాం" అన్నాడు. ఇద్దరూ మోకరించి ఉరుకుందమ్మను పేరుపెట్టి మరీ ప్రార్థించారు. ఆమె ఇల్లు అక్కడికి నాలుగిళ్ళ అవతలే. లేచి పోయి తలుపు తట్టాలని ఇద్దరిలో ఒక్కరికీ అనిపించలేదు.

మళ్ళీ క్రాసింగు వచ్చింది. ఉరుకుందమ్మను ఏ రైతూ పిలవలేదు. కళ్ళు కనపడనిదన్న పేరు ఆమె కంటే ముందే పక్క ఊళ్ళకు పోయింది. జనవరిలో ఊళ్ళో సగం జనంతో పాటు ఆమె కూడా గుంటూరు వైపు మిరపకోతల సుగ్గికి, అంటే వలసకూలికి, లారీ ఎక్కింది. పొరపట్టిన కన్నుతో మిరపచేలోకి పోవద్దని అందరూ అన్నారు. కడుపుకేం పెడతారని ఆమె అడిగింది.

లారీ దగ్గరకు సువార్తమ్మ పోయింది. చెప్పేద్దామనే పోయింది. పోతూ పోతూ ఆరు జొన్నరొట్టెలు కాల్చి గుడ్డలో కట్టుకుంది. లారీ చక్రం పక్కన నిలబడి మూట పైకి అందించింది. ఉరుకుందమ్మ వంగి అందుకుని, మూట పట్టుకున్న చేతిని వదలకుండా ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది.

"నీ కోసం ప్రార్థన సేస్తాండా ఉరుకుందమ్మా" అంది సువార్తమ్మ.

"సేయక్కా" అంది ఉరుకుందమ్మ, చేయి వదిలేసింది.

మార్చి నెలాఖరుకు సుగ్గి జనం తిరిగొచ్చారు. ఉరుకుందమ్మను ఎవరో చేయి పట్టుకుని దించారు. మిరపకల్లంలో దుమ్ము పడి కన్ను చీము పట్టిందట. కూలి పోతుందని వారం రోజులు ఆసుపత్రికి పోలేదట. పోయేసరికి తీసేయడం తప్ప దారి లేదన్నారట. పోయింది పొరపట్టిన ఎడమకన్ను కాదు. బాగున్న కుడికన్ను.

మరునాడు ఆమె గోడ పట్టుకుని నడుచుకుంటూ సువార్తమ్మ గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. "అక్కా, నీ ప్రార్థన బాగా పనిసేస్తాదంట గదా. నాకొకటి సెయ్" అంది.

సువార్తమ్మ ఆమె ముందు కూలబడి మొత్తం కక్కేసింది. ఆరు సోమవారాలూ, వదిలేసిన సాళ్ళూ, పాస్టరు మాటా, లారీ దగ్గర చెప్పలేకపోవడం, అన్నీ చెప్పింది.

"తెల్సులే" అంది ఉరుకుందమ్మ.

"తెల్సా?"

"నా పక్క సాలే గదా. అప్పుడు నాకొక కన్ను బాగానే ఉండె. నువ్వు కండ్లు మూసుకోని దండం పెట్టి పోతాంటే సూస్తాంటి."

"మరి ఆ పొద్దు ఎందుకు సెప్పలేదే?"

"సెప్తే ఎవురు నమ్ముతారు? నువ్వు దేవుని మనిషివి, నేను గుడ్డిదాన్ని. నువ్వే సెప్తావని సూసినా. లారీ కాడ గూడా సూసినా. రొట్టెలిచ్చినావు." చేత్తో గోడ వెతుక్కుంటూ, "ఇప్పుడు నీ ప్రార్థన కోసం రాలేదక్కా. నీ నోట్లో నుంచి ఏమొస్తాదో ఇందామని వచ్చినా" అని దాన్ని పట్టుకుని లేచింది.

ఆదివారం చర్చిలో సువార్తమ్మ పిలవకుండానే లేచి నిలబడింది. అలవాటుగా నాలుగు ఫోనులు పైకి లేచాయి. నాలుగు మాటలకే దించేశారు. పాస్టరు పాట ఎత్తుకున్నాడు, మైకు ఆమె ముందు నుంచి తీసేశారు. ఆమె మైకు లేకుండానే ఉరుకుందమ్మ కన్ను దాకా చెప్పి, అక్కడి నుంచి అట్లే నడుచుకుంటూ బసవరాజు ఇంటికి పోయింది.

బసవరాజు విన్నాడు. తిట్టలేదు. "నా నోటితో ఆ ఆడదాన్ని గుడ్డిదనిపిస్తివి. నిజంగానే గుడ్డిదయింది. నువ్వు సెప్పుకోని తేలికైతివి, ఆ బరువు ఇప్పుడు నా మింద పెడితివి. పో" అని తలుపు వేసుకున్నాడు. అప్పటి నుంచి సువార్తమ్మ గోరును ఏ సీడు చేనూ పిలవలేదు.

ఆమె రోజూ తెల్లారకముందే ఉరుకుందమ్మ ఇంటికి పోయేది. బోరు నుంచి బిందెతో నీళ్ళు తెచ్చేది, సంగటి కెలికేది, బట్టలు ఉతికేది. "నా ఇంట్లో ప్రార్థన మాత్రం సేయాకు" అంది ఉరుకుందమ్మ మొదటి రోజే. చేయలేదు. ఎవరూ చూడటం లేదు, ఎవరూ ఫోను ఎత్తడం లేదు. తిట్లు తినడానికే పోతున్నట్టు పోయేది. ఇన్నేళ్ళలో ఆమె నిజంగా శిష్యురాలిగా బతికింది ఆ రెండు నెలలే. ఆ సంగతి ఆమెకు తెలియదు కాబట్టే అది నిజమని నా నమ్మకం.

ఒక ఆదివారం ఆదోనిలో కంటి శిబిరం పెడితే, చర్చిలో పాటలు మొదలవుతుండగా ఉరుకుందమ్మ చేయి పట్టుకుని బస్సెక్కించింది. ఎడమకంటి పొర తీశారు. కట్టు విప్పిన రోజు ఉరుకుందమ్మ రెప్పలు ఆడించి, ముందు తన చేతులు చూసుకుంది, తర్వాత మంచం పక్కన నిలబడ్డ సువార్తమ్మను నెత్తి నుంచి పాదాల దాకా చూసింది.

"ఇంగ నాకు కనిపిస్తాండాది. నువ్వు నా ఇంటికి రాకు" అంది.

ఊరికి తిరిగొచ్చిన మరునాడు సోమవారం. సువార్తమ్మ బోరు దగ్గర బిందె నింపుకుని పోయి ఉరుకుందమ్మ గుమ్మం ముందు దించింది. ఉరుకుందమ్మ బయటికి వచ్చి, బిందె రెండు చేతులా ఎత్తి, నీళ్ళన్నీ మోరీలోకి వంచేసి, ఖాళీ బిందెను ఆమె కాళ్ళ ముందుకు దొర్లించి తలుపు వేసుకుంది. ఆ ఊళ్ళో ఎండాకాలం నీళ్ళు అట్లా వంచేసిన మనిషిని ఎవరూ చూడలేదు.

సువార్తమ్మ బిందె ఎత్తి చంకన పెట్టుకుని మళ్ళీ బోరు దగ్గరకు పోయి వరుసలో చివర నిలబడింది.