ముల్లు కదలని మీటరు

మా ఇంట్లో ఉండేది ఇద్దరమే అనుకుంటారు చూసినవాళ్లు. నిజానికి ముగ్గురం: నేను, మా ఆయన, మా మామగారు కొని వదిలి వెళ్లిన ట్రాక్టరు. దాని వయసు నాకంటే నాలుగైదేళ్లు తక్కువ, మర్యాద మాత్రం నాకంటే చాలా ఎక్కువ. నాకు జ్వరమొస్తే మాత్ర వేసుకుని పడుకోమంటారు. అది కాస్త నల్లపొగ వదిలితే పాలకొల్లు దాకా కబురు వెళుతుంది. క్రిస్మస్‌కు ఇంటికి రంగులు వేస్తే దానికీ ఒక కోటు పడాల్సిందే.

మొన్న జనవరిలో దానికి కొత్త జబ్బు పట్టుకుంది. సెల్ఫ్ కొడితే టక్కుమని ఒక్క చప్పుడు చేసి ఊరుకునేది. బ్యాటరీని బయట ఛార్జింగ్ పెట్టించి తెచ్చి బిగిస్తే రెండు రోజులు బాగుండి, మూడోనాడు మళ్లీ అదే టక్కు. ఇంజను తిరుగుతున్నంతసేపూ డైనమో కరెంటు పుట్టించి బ్యాటరీని నింపాలి. నింపుతోందో లేదో చెప్పడానికి స్టీరింగు ముందు చిన్న మీటరు ఉంటుంది. దాని ముల్లు ప్లస్ వైపుకి జరగాలి. మాదేమో, ఎక్కం అప్పజెప్పమంటే నేను చదువు చెప్పే నాలుగో తరగతి పిల్లలు నిలబడ్డట్టు, సున్నా దగ్గరే నిలబడిపోయింది.

సరిగ్గా దాళ్వా, అంటే రెండో పంట, దమ్ముల రోజులవి. కాలువ నీళ్లు వంతుల్లో వస్తాయి. మా వంతులోనే చేను దున్ని బురద చేసుకోవాలి, లేదంటే ఊడ్పులు వెనకబడిపోతాయి. పొద్దున్నే వీధిలో నలుగురు కలిసి తోస్తే బండి స్టార్టయ్యేది. చేలో దిగాక ఇంజను ఆగితే ఆ బురదలో తోసే నాథుడు లేడు. అందుకని మా ఆయన సాయంత్రం దాకా ఇంజను ఆపేవారు కాదు. అది గట్టు పక్కన డబడబలాడుతుంటే, దాని మీదే చూపు పెట్టి అన్నం తినేవారు. నేనేం చెప్పినా “ఆఁ?” అనేవారు.

“ఇంజను ఆగి ఉన్నా మీరనేది ఆ మాటేగా!” అని అరిచేదాన్ని.

“ఆఁ?” అనేవారు.

మా సంఘపెద్ద ఒకాయన ఆదివారం ప్రార్థనలో రోగుల తర్వాత మా ట్రాక్టరును కూడా జ్ఞాపకం చేశారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

మా ఆయన మాత్రం ఊరుకోలేదు. బెల్టు బిగించారు. బ్యాటరీ కొనలకు పట్టిన తెల్లపొడి వేడినీళ్లతో కడిగి వాసెలిన్ రాశారు. డైనమో విప్పి కొత్త బ్రష్‌లు వేయించారు. వైర్లన్నీ వెతికారు. ఇంక మిగిలింది, డైనమో నుంచి వచ్చే కరెంటును అదుపు చేసి బ్యాటరీకి పంపే చిన్న నల్లడబ్బా. మెకానిక్కులు దాన్ని కటౌట్ అంటారు. దాని జోలికి మాత్రం వెళ్లలేదు.

“డిసెంబరు దాకా బాగానే ఉంది టీచరుగారూ. క్రిస్మస్ వెళ్లాకే ఏదో అయ్యింది,” అన్నారు ఒకరోజు.

“కేకు పడలేదేమోనండి,” అన్నాను.

వేళాకోళం ఆడాను గాని, రోజూ ఆ తోపుళ్లతో ఆయన నడుం పట్టేయడం చూస్తూనే ఉన్నాను. చివరికి ఒక మాట అనేశాను. “ఈ వంతు అయ్యేలోగా అది తనంతట తాను స్టార్టవకపోతే, పాత బండ్లు కొనే ఆయనకి ఇచ్చేద్దామండి.” ఆ కొనే మనిషి ఏ బండినైనా విప్పి ముక్కలుగా అమ్ముకుంటాడని ఇద్దరికీ తెలుసు. “సరే, నీ ఇష్టం,” అన్నారు. ఎదురు చెబుతారని ఎన్ని సమాధానాలు సిద్ధం చేసుకున్నానో! ఆ సాయంత్రం గుడ్డ తీసుకుని దాన్ని చాలాసేపు తుడిచారు. ఆ మాట ఎందుకన్నానా అనిపించింది. అయినా బయటపడలేదు.

వంతు ఇంకో రోజు ఉందనగా పాలకొల్లు నుంచి ఎలక్ట్రీషియను వచ్చారు. కళ్లజోడుకు దారం కట్టుకున్న పెద్దాయన. ఇంజను తిరుగుతుండగా ఒక వైరు ముక్క తీసి, ఒక కొన కటౌట్ డబ్బాకు, రెండో కొన బండి ఇనుముకు ఆనించారు. ముల్లు ఒక్క గెంతు గెంతి ప్లస్ వైపుకి వెళ్లింది.

“డైనమో బంగారమండి. ఈ డబ్బాకే ఎర్త్ లేదు. బండి ఇనుముకి తగలకపోతే ఇది పనిచేయదండి,” అంటూ బోల్టులు విప్పి డబ్బా పైకెత్తారు. కింద రేకంతా నిగనిగలాడే నీలం రంగు. బోల్టుల మరల్లోనూ, వాషర్లకీ, కన్నాల్లోపలా కూడా అదే. “ఇంత మందంగా వేసిన మహానుభావుడెవరండీ? డబ్బా విప్పి మరీ వేశారే!”

ఆ డిసెంబరులో మా ఆయన ఊళ్లో లేని రోజు చూసి, వచ్చేసరికి ఆశ్చర్యపోవాలని, బండికి రంగు వేసింది నేను. ఆ డబ్బా విప్పి, కింద తుప్పు గీకి, రెండు కోట్లు పూసి బిగించింది నేను.

“నేనేనండి. తొందరపడ్డాను,” అన్నారు మా ఆయన.

పెద్దాయన చీవాట్లు మొదలుపెట్టారు. మా ఆయన నా వైపు చూడకుండా తలూపుతూ వింటున్నారు. నెల రోజులు ఆయన్ని ఆటపట్టించిన నోరు నాది. చచ్చేంత సిగ్గేసింది.

“ఆయన కాదండి, నేను,” అన్నాను.

పెద్దాయన కళ్లజోడు పైకి తోసుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. “అయితే గీకేది కూడా మీరేనండి,” అని గరుకు కాగితం నా చేతిలో పెట్టారు. తెల్లటి ఇనుము బయటపడేదాకా గీకాను. డబ్బా బిగించి అరగంట నడిపి, మా ఆయన ఇంజను ఆపేశారు. నన్ను సీటెక్కించి సెల్ఫ్ కొట్టమన్నారు. కొట్టగానే అందుకుంది. పాత బండ్లాయనకు రావద్దని ఫోన్ చేసింది కూడా నేనే.

మర్నాడు మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్లాను. ఇంజను ఆపి, గట్టు మీద నింపాదిగా కూర్చున్నారు.

“అన్నీ విప్పారు కదా, ఆ ఒక్క డబ్బా ఎందుకు విప్పలేదండీ?” అని అడిగాను.

“అంత ముచ్చటగా వేశావు. విప్పితే నీ రంగుకి గీతలు పడతాయని,” అన్నారు అన్నం కలుపుకుంటూ.

ఇంజను ఆగి ఉంది కనుక ప్రతి మాటా స్పష్టంగా వినబడింది. అయినా మళ్లీ చెప్పించుకోవాలనిపించింది.

“ఆఁ?” అన్నాను.