బరువు చూసి కొనలేని మోటారు

కార్వేటినగరంలో పొద్దున ఐదున్నర బస్సు ఎక్కేసరికే నాకు కోపంగా ఉంది. పక్కన కూర్చున్న మనవరాలు భార్గవిది పాండిచ్చేరిలో ఉద్యోగం. వీపున గాలి సిలిండరు, కాళ్ళకు రబ్బరు రెక్కలు కట్టుకుని యాత్రికులను సముద్రం అడుగుకు తీసుకెళ్ళి చేపలు చూపిస్తుంది. బండి మీంచి పడి మోకాలు దెబ్బతింటే పుత్తూరు కట్టుతో నడక వచ్చింది గానీ, ప్రవాహానికి ఎదురు రెక్కలాడిస్తే నొప్పి ఆగదు. చేతులతో పట్టుకుంటే మనిషిని నీళ్ళలో లాక్కుపోయే స్కూటరు ఒకటి ఉందట. "సోమవారానికి దాంతో రా, లేకుంటే పడవలోనే కూర్చో" అన్నాడట యజమాని. దెబ్బ తగిలిన పిల్లతో మాట్లాడే తీరా ఇది?

ఆరుంబావుకు పుత్తూరులో దిగి, స్టేషను బయట ఇడ్లీ తిని, ఏడు గంటల మద్రాసు రైలెక్కాం. నగరిలో ఎక్కిన మోటార్ల మెకానిక్కు ఒకాయన ఎదురుగా కూర్చుని ఎక్కడికని అడిగితే, మోటారు కొనడానికన్నాను.

"మోటారు కొనను మద్రాసు దాకానా పెద్దాయనా? సిత్తూరులో దొరకదా?"

"నీళ్ళ కింద పోయే స్కూటరప్పా."

"రోడ్డు మీద గుంతలు తప్పించలేకే సస్తా ఉండాము, నీళ్ళ కింద కూడానా!" అని నవ్వి, "యాదైనా సరే, ఎత్తి సూడు. లోపల రాగి ఉంటే బరువుంటాది" అన్నాడు.

నలభై ఏళ్ళ సేద్యంలో నా లెక్కా అదే. మా వైపు బోరు మోటారును ఎత్తి చూడకుండా ఎవరూ కొనరు.

పదిన్నరకు మద్రాసులో ఆ స్కూటర్లమ్మే దుకాణం చేరాం. వెనకాల ఈత తొట్టి ఉంది. అమ్మే మనిషిది తిరుత్తణి, తెలుగు వచ్చు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది చూపించాడు. గంటన్నర నడుస్తుందని పెట్టె మీద అచ్చు వేశారు.

"ఏ స్పీడులో?" అన్నాను.

నసిగాడు. "తక్కువ స్పీడులో అయ్యా. ప్రవాహంలో అయితే అరగంట."

కొనబోయేవాళ్ళు ఈ ప్రశ్న తప్పక అడగాలి. అచ్చులో అబద్ధం లేదు, నిజమూ లేదు.

రెండూ ఎత్తి చూశాను. పెద్దదానికి నడుము పట్టేసింది. "ఇదే" అన్నాను. వయసులో ఉన్నప్పుడు బావి అడుగున పైపు మూతలో చెత్త పడితే, బండరాయి పట్టుకుని ఒక్క ఊపిరిలో మునిగేవాణ్ణి. నన్ను దింపింది ఆ బరువే.

అతను పెద్దదాన్ని తొట్టిలో వదిలాడు. నేలకు కొట్టుకుంటుందనుకున్నాను. మునగలేదు, తేలలేదు, నడిమధ్య నిలబడింది.

"దాని బరువు యాడికి పోయింది?"

"నీళ్ళు మోస్తాయి అయ్యా."

"మరి నా రాయిని మోయలేదే?"

"రాయి వేరే అయ్యా."

మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ తల ఊపాను. ఒక్కసారీ అర్థం కాలేదు. ఆ మంట మీదే అడిగాను: "సముద్రం నడుమ చార్జి అయిపోతే?"

అది తేల్చడానికి భార్గవి నీళ్ళలోకి దిగింది. పెద్దదాంతో బాణంలా పోయి, తొట్టి మధ్యలో ఆపేసి, దాన్ని ఈడ్చుకుంటూ వెనక్కి బయలుదేరింది. సగంలో ఆగి మోకాలు పట్టుకుంది. చిన్నది అంత వేగం పోలేదు గానీ, ఆపాక దాన్ని నడుము పట్టీకి తగిలించుకుని, మంచి కాలితోనే మెల్లగా గట్టుకు వచ్చేసింది.

"ఎదురు ప్రవాహంలో పెద్దదే లాగుతుందమ్మా" అన్నాడు అతను. అదీ నిజమే. నాకు ఏదీ తేలలేదు.

భార్గవి నా వైపు చూసింది. "తాతా, నన్ను లాక్కుపోయేది కాదు. ఆగిపోతే నేను లాక్కొచ్చేది కావల."

చిన్నదే తీసుకున్నాం.

రెండున్నర రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. అరక్కోణం దాటాక చెప్పాను: "సగం చార్జి దాకా ఆగొద్దు పాపా, ముందే తిరుక్కో."

"మాకు నేర్పించేదీ అదే తాతా. దాన్ని నమ్ముకుని ఎవురు దిగతారు?"

ఎవరూ నమ్మని యంత్రం కోసం ఒక రోజంతా తిరిగామా?

పుత్తూరులో దిగుతూ అలవాటుగా స్కూటరున్న సంచీ అందుకోబోయాను. అప్పటికే భార్గవి దాన్ని భుజానికేసుకుని వంతెన మెట్లు ఎక్కుతోంది. నేను వట్టి చేతులతో వెనకాల. పై మెట్టు మీద ఆగి, వస్తున్నానా లేదా అని తిరిగి చూసింది. ఎక్కేటప్పుడు ఆమె కాలు ఈడ్చలేదో, నేనే సరిగ్గా చూడలేదో, అదీ నాకు తెలియలేదు.