మామ పియానో మీద నా బొట్టుబిళ్లలు

నా అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులు కూడా ఉంటాయి. ఐదో తరగతి వరకే చదివాను, మన్నించండి. బేగంపేట హోటల్లో సాయంత్రాలు పియానో వాయించిన మా మామగారు పోయిన నెలలో నిద్రలోనే వెళ్లిపోయారు. ఆయన పాట విన్నవాళ్లకు తెలియాలని ఆ హోటలుకే రాస్తున్నాను.

ఆయనకు ఎవరూ నేర్పలేదు. వయసులో ఉన్నప్పుడు ఒక క్లబ్బులో బల్లలు తుడిచే పని. తుడిచే సాకుతో పియానో మెట్లు నొక్కుతూ, రేడియోలో విన్న పాటను వాటిలో వెతుక్కునేవారట. తర్వాత పెళ్లిళ్లు, పుట్టినరోజులు, చివరికి హోటల్. పాతదైందని క్లబ్బువాళ్లు పారేయబోయిన ఆ పియానోనే బోయిగూడలో మా ముందుగదిలోకి తెచ్చారు. అది వచ్చాక మంచానికి చోటు లేకుండా పోయింది. అత్తమ్మ ఉన్నన్నాళ్లూ దాన్ని తన సవతి అనేదట.

కాగితం చూడకుండా ఎలా వాయిస్తావని హోటల్లో ఒక పెద్దమనిషి ఎకసెక్కంగా అడిగాడట. "కాగితం చదువరాదు సార్, మీ మొఖం చూసి వాయిస్త" అన్నారట మామ. అలిగి కూర్చున్న జంట కనబడితే, వాళ్లు మాట్లాడుకునేదాకా నెమ్మది పాటలు వదిలేవారు కాదట.

పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేత్తో ఉత్త తాళం వేస్తూ కూర్చునేవారు. పాట లేని ఆ తాళం వింటుంటే వంటింట్లో నాకు పని సాగేది కాదు. ఒకరోజు పిలిచారు.

"ఇట్ల రా బిడ్డా. కుడిచెయ్యి నువ్వు కావాలె."

మామగారి ముందు నేనెన్నడూ కూర్చోలేదు. తలుపు పక్కనే నిలబడి, "నాకేమొస్తది మామా" అన్నాను.

"షురూల నాకేమొచ్చె?"

బల్ల అంచున కూర్చున్నాను. ఏ మెట్టు ఏదో గుర్తుండదని నా బొట్టుబిళ్లలు అంటించాను. ఎర్రది మొదలు, తర్వాత ఆకుపచ్చ, ఆ తర్వాత పసుపు. ఆయన నేర్పింది హోటల్లో ఆఖరున వాయించే తన సొంత పాట. ఎక్కడా రాసి లేదు. నేను తప్పు నొక్కితే ఏమీ అనేవారు కాదు. సరిచేసుకునేదాకా ఆయన ఎడమచెయ్యి గాల్లో ఆగి ఉండేది. పసుపు బిళ్ల దాకా, సగం వచ్చింది. మిగతాది అడిగితే, "జెర ఆగు, గిది చేతికి రానీ" అన్నారు. మిగతాది ఆయనతోనే పోయింది.

దినాలయ్యాక బావగారు పిల్లలతో వచ్చి ఇక్కడే ఉంటామన్నారు. ముందుగది కావాలి. పియానో కొనేవాళ్లు లేరు. పాతసామాన్లవాడికి ఇచ్చేద్దామన్నాడు మా ఆయన.

"ఉంచరాదా?" అన్నాను.

"యాడ పెట్టాలె, నువ్వే చెప్పు" అన్నాడు.

గది నాలుగు మూలలూ చూశాను. చెప్పడానికి చోటు కనబడలేదు.

నిన్న తీసుకుపోయారు. బండి ఎక్కించేముందు బొట్టుబిళ్లలు తీసేద్దామని మూత ఎత్తాను. చెయ్యి రాలేదు, అలాగే మూసేశాను. గల్లీలో బండి గుంతలో పడ్డప్పుడల్లా లోపలి తీగలన్నీ ఒక్కసారిగా మోగాయి. మలుపు తిరిగాక కూడా వినబడ్డాయి. మా ఆయన గడప మీద కూర్చుని, అవి ఆగేదాకా లేవలేదు.

పొద్దున పిండి కలుపుతుంటే నా కుడిచెయ్యి ఆ సగం పాట నొక్కుకుంటూ పోయి, పసుపు బిళ్ల దగ్గర ఆగింది.

ఆయన పాట విన్నవాళ్లకు చదివి వినిపించాక ఈ కాగితం కాల్చేయండి. గడప మీద కూర్చుని ఆ మోత విన్న మనిషి ఇది చూడకూడదు.